ఇటుకతో ఏం చేయొచ్చు?

"ఇటుకతో ఏమేం చేయొచ్చు?" అని అడిగింది సబ్రీన్.

తొమ్మిదేళ్ళ జైబా చేతులు కట్టుకొని, కళ్ళు మూసుకొని అందుకుంది. "గోడ కట్టొచ్చు, తలుపుకు అడ్డం పెట్టొచ్చు, కాగితాలు ఎగరకుండ పెట్టొచ్చు..." మధ్యలో తడబడి, మళ్ళీ గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

సబ్రీన్‌కు విషయం అర్థమైంది. దోహాలోని ఆ స్కూల్లో, చురుకైన పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక క్లాసుకు పిల్లల్ని ఎంపిక చేసే టీచర్ ఆమె. పాపను కూర్చోమని చెప్పి బయటికొచ్చింది.

వరండాలో పాప మేనమామ తల్హా ఉన్నాడు. ఆమెకంటే కాస్త పొట్టి. చొక్కా ఇస్త్రీ మాత్రం నలగలేదు.

"జవాబులు బట్టీ పట్టించింది మీరేనా?"

"నేనే మేడమ్. అక్క హాస్పిటల్ డ్యూటీకి పోతది, ఇంట్ల నేనే చదివిస్త. మా జగిత్యాలల ఏ ఎంట్రెన్సుకైనా గిట్లనే కోచింగ్ ఇస్తరు."

"ఇది ఎంసెట్ కాదు. పాప సొంతంగా ఎట్లా ఆలోచిస్తాదో చూసే పరీక్ష. మీరేమో పాప తలలో మీ తల పెట్టి పంపినారు."

"నా తలకు సీటొస్తదా మరి?"

సబ్రీన్‌కు నవ్వొచ్చింది. కోపంగా కనిపించాలని కిటికీ వైపు తిరిగింది. "మాది కడప. నేనూ బట్టీ కొట్టిందాన్నే. వింటానే పసిగడతా."

తల్హా ముఖం వాడిపోయింది. "తప్పు నాది మేడమ్. పోరి తెలివైంది. నా వల్ల సీటు పోతే అక్కకు మొకం చూపెట్టలేను."

"వచ్చే ఆదివారం మళ్ళా తీసుకురాండి. అందాకా ఏమీ నేర్పొద్దు."

మర్నాడే తల్హా దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, ఇడ్లీ గుండ్రంగ ఎందుకుంటదని అడుగుతుంది. చెప్పొచ్చా?"

"మీకు తెలుసా?"

"తెల్వదు. అందుకే ఫోన్ చేసిన."

ఆ తర్వాత రోజూ ఏదో ఒక సందేహం వచ్చేది. గురువారం ఫోన్ రాకపోతే సబ్రీన్‌కు అన్నం సయించలేదు. చివరికి తనే చేసి, "ఈరోజు పాపకు సందేహాల్లేవా?" అని అడిగింది.

ఆదివారం జైబాను లోపలికి తీసుకెళ్ళింది ఇంకో టీచర్, జహనారా మేడమ్. తల్హా వరండాలో ఉన్న సబ్రీన్ దగ్గరికి వచ్చాడు.

"మీరెందుకు అడుగుతలేరు? ఇంకా కోపమా?"

"అయినవాళ్ళ పిల్లల్ని మేం పరీక్ష చేయకూడదు. రూలు."

"మనం చుట్టాలం కాదు కదా మేడమ్?"

"ఇంకా కాలేదు."

తల్హా నలగని చొక్కాను మళ్ళీ సర్దుకున్నాడు. అంతలో తలుపు తెరుచుకుంది. జహనారా నవ్వు ఆపుకోలేకపోతోంది.

"సీటు ఇచ్చేశాను. ఇటుకతో ఏం చేస్తావంటే ఏమందో మీరే వినండి."

"మామూ పెండ్లి ఫోటోల ఇటుక మీద నిలబడాలె," అంది జైబా. "అప్పుడు సబ్రీన్ మేడమంత ఎత్తుంటడు."

తల్హా చెవులు ఎర్రబడ్డాయి. "ఇది మాత్రం నేను నేర్పలే మేడమ్."

"తెలుసు," అంది సబ్రీన్. "ఇటుక నేను తెస్తాలే."