వంటింట్లో తెల్లకూన

పొద్దున్నే పొయ్యి మీద టీ పెట్టి, అమ్మ పులికూనని ఒళ్ళో వేసుకుంది. జూలో తల్లి దగ్గరికి రానివ్వకపోవడంతో ఈ తెల్లకూన వాళ్ళ వంటింట్లోనే పెరుగుతోంది. దానికి మెల్లకన్ను. సీసా ఎదురుగా పెట్టినా పక్కకి మూతి చాస్తుంది. మురిపెం మాట దేవుడెరుగు, పాలు పట్టిన ప్రతిసారీ అమ్మకి గుండె దడే.

ఆ జూలో పులుల పెంపకమంతా నాన్నదే. బూట్లు తొడుక్కుంటూ మహా హుషారుగా ఉన్నాడు.

"ఇవాళ మన అల్లుడుగారిని అమ్మాయి బోనులోకి పంపుతున్నా. ఇంకో తెల్లకూన పుడితే జనం విరగబడతారు!"

ఈ కూన తల్లయిన ఆడపులిని తన చేతుల మీద పెంచాడు కాబట్టి అది అమ్మాయి, మగది అల్లుడు. ఈ మాటకి ఎప్పుడూ నవ్వే కూతురికి ఇవాళ నవ్వు రాలేదు. ఆ జూలోనే పశువుల డాక్టరు ఆమె.

"వద్దు నాన్నా. తలుపు తియ్యొద్దు."

"అంతరించిపోయే జాతిని కాపాడుతుంటే అడ్డమేంటి?"

"తెలుపు జాతి కాదు నాన్నా, రంగు. ఆ రంగు కోసం ఒకే రక్తాన్ని కలుపుతూ వచ్చాం. అడవిలో ఉన్న పులులకి దీనివల్ల ఒరిగిందేం లేదు. నిన్న చూశాను, ఈ కూన అంగిట్లో చీలిక ఉంది. ఆ మెల్లకన్నూ అందుకే."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకకు!"

"ఏవండీ!" అమ్మ కేక పెట్టింది.

కూన ముక్కులోంచి పాలు కారుతున్నాయి. నాలుక నీలంగా మారింది. కూతురు లాక్కుని తలకిందులుగా పట్టుకుంది, రబ్బరు బుడ్డితో ముక్కులో పాలు లాగింది, పక్కటెముకలు రుద్దింది. ఎదిగిన పులుల ముందు బెదరని మనిషి ఒంటికాలి బూటుతో అలాగే నిలబడిపోయాడు. ఎంతకీ చలనం లేదు. చివరికి కూన ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి, సన్నగా మూలిగింది.

అప్పుడే ఫోన్ మోగింది. జూ కాపలాదారు. "సార్, మగదాన్ని వదలమంటారా?"

"వద్దు. తాళం వెయ్యి." నాన్న కూన వైపు చూశాడు. "అవి... అన్నాచెల్లెళ్ళయ్యా."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట రాలేదు. అలాగే నేల మీద కూలబడ్డాడు.

"ఇంతకుముందు పోయిన కూనలు కూడా... ఇందుకేనా తల్లీ?"

కాదని అబద్ధమాడదామనుకుంది కూతురు. కానీ అవునంటూ తలూపి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇదైనా బతుకుతుందా?"

"అంగిలి కుట్టాలి. నాకూ భయంగానే ఉంది నాన్నా."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. చేతులు రెండూ చాచాడు.

"నువ్వు కుట్టు. నేను పట్టుకుంటా."