అంచు వంకర

తెరచాపలు కుట్టే అమ్మ షాపులో కుర్చీలు ఉండవు. నేలంతా గుడ్డే. బడి నుంచి వచ్చిన స్కేలు అనే పిల్ల చెప్పులు గుమ్మం బయట విడిచి, గుడ్డ తొక్కకుండా గోడ పక్కనుంచే నడిచి తన మూల చేరింది.

స్కేలు ఆ పిల్ల అసలు పేరు కాదు. ఎప్పుడూ చేతిలో స్కేలుతో తిరుగుతుందని మామయ్య పెట్టిన పేరు. ఎక్కడైనా కాస్త వంకర కనిపిస్తే చాలు, ఆమెకు ముద్ద దిగదు. ఆ రోజు బడిలో ఓడ బొమ్మ గీసింది. తెరచాప కట్టే నిలువు కొయ్య, తెరచాప, చుక్కాని, అన్నీ స్కేలుతోనే.

"ఓడ పొట్ట కూడా స్కేలుతోనేనా!" అని టీచర్ నవ్వింది.

మామయ్య ఓడ నడిపే సరంగు. ఆయన ఓడకే అమ్మ కొత్త తెరచాప కుడుతోంది. పాతది చిరిగిపోయింది. ఎల్లుండి పొద్దున్నే సరుకుతో బయలుదేరాలి.

"అక్కా, కళ్లద్దాలు రిపేరుకి ఇచ్చావటగా. కాస్త చూసి కత్తిరించు. లేకపోతే నా ఓడ వంకర టింకరగా పోతుంది," అన్నాడు మామయ్య.

"నా కత్తెర సంగతి నీకెందుకురా? నీ చుక్కాని నువ్వు చూసుకో," అంది అమ్మ.

కొయ్య ఎత్తు మరోసారి కొలవడానికి ఇద్దరూ ఓడ దగ్గరికి వెళ్లారు.

నేలమీద పొడుగాటి గుడ్డ పట్టీలు పరిచి ఉన్నాయి. వాటిని కలిపి కుడితే తెరచాప అవుతుంది. స్కేలు వంగి చూసింది. పట్టీ అంచు తిన్నగా లేదు. మధ్యలో కాస్త ఉబ్బి, చివర్లకు వచ్చేసరికి సన్నబడింది. పక్క పట్టీ కూడా అంతే.

'అయ్యో, పాపం అమ్మకు కనపడలేదు. మామయ్య చూస్తే ఏడిపించి చంపుతాడు' అనుకుంది.

పొడుగు కర్ర ఆనించి, సుద్దముక్కతో గీత గీసి, రెండు పట్టీల అంచులు కత్తిరించేసింది. ఇప్పుడు చక్కగా, తిన్నగా ఉన్నాయి. అమ్మ ఎంత మెచ్చుకుంటుందో అని గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.

అమ్మ వచ్చింది. నేలమీద పడిన సన్నటి గుడ్డ పేలికలు చూసింది.

"ఇవేంటి?"

"వంకరగా ఉంటే నేనే సరిచేశానమ్మా!"

అమ్మ తిట్టలేదు. ఉన్నచోటే కూలబడింది.

అమ్మ మూలనున్న గుడ్డ బంతి తీసుకుంది. "దీని ముక్కలు చూడు. అంచులు తిన్నగా ఉన్నాయా?"

"లేవు. వంపుగా ఉన్నాయి."

"ఆ వంపులు కలిపి కుడితేనే బంతి గుండ్రంగా వస్తుంది. తెరచాప కూడా అంతే. మధ్యలో పొట్ట రావాలి. పొట్ట ఉంటేనే గాలి పట్టి ఓడను లాగుతుంది. నేను కావాలనే అలా కోశాను."

"మరి... ఇంకో రెండు పట్టీలు కోద్దాం."

"గుడ్డేదీ? అదే ఆఖరి తాను."

వెనకే వచ్చిన మామయ్య అంతా విన్నాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు. "సరుకంతా ఎక్కించేశానక్కా," అన్నాడు మెల్లగా.

స్కేలుకు ఏడుపొచ్చింది. "నీకు కనపడక తప్పు కోశావనుకున్నా. చెబితే బాధపడతావని..."

"అడిగితే ఒక్క మాటతో పోయేది. ఇప్పుడు రెండు పట్టీలు పోయాయి," అంది అమ్మ.

చివరికి పాత తెరచాప విప్పారు. చిరగని చోట చూసి రెండు పట్టీలు తీశారు. అవి ఎండకు మాడి గోధుమరంగుకు తిరిగాయి. మర్నాటికి తెల్లటి తెరచాప మధ్యలో రెండు గోధుమరంగు చారలు తేలాయి.

"భలే, నా ఓడకు చారల చొక్కా!" అన్నాడు మామయ్య. "గాలి మరీ ఎక్కువైతే మాత్రం దించేయాలి. పాత గుడ్డ కదా."

స్కేలుకు నవ్వు రాలేదు. ఆ చారలు చూసినప్పుడల్లా సిగ్గేసింది.

సాయంత్రం అమ్మ తెరచాప మూలలకు, తాళ్లు కట్టే ఇనప కడియాలు కుడుతోంది. గుడ్డ పట్టుకున్న స్కేలు చెయ్యి ఆగింది. పాత తెరచాపలో పెద్ద కడియం కింది మూలకు ఉంది. కొత్తదాంట్లో పై మూలకు పడింది.

అమ్మ ఇది కూడా కావాలనే చేసిందేమో! తెలుసనుకునే కదా నిన్న తను కొంప ముంచింది. నోరు మూసుకోవడమే మేలనిపించింది. కానీ ఊరుకోలేకపోయింది.

"అమ్మా, పెద్ద కడియం పైకి వచ్చింది. కావాలనే పెట్టావా?"

అమ్మ గుడ్డను ముఖం దగ్గరికి తెచ్చుకుంది. వేళ్లతో తడిమి చూసింది.

"లేదే. ఇది నా పొరపాటే! గాలి బలమంతా పడే తాడు కింది మూలకే కడతారు. చిన్న కడియమైతే నడి సముద్రంలో ఊడిపోయేది."

అమ్మ కత్తెర ఆమె చేతికిచ్చింది. "ఇదిగో, నువ్వే విప్పు."

స్కేలు కత్తెర తెరిచింది. కానీ వెంటనే కొయ్యలేదు.

"ముందు ఏ కుట్టు తెంపనమ్మా?" అని అడిగింది.