అట్ట మీద మా పాప

ఎలీషబమ్మ హనుమంతునిపాడులో తిట్టు మొదలుపెడితే వెలిగండ్లలో ఆరబోసిన మిరపకాయలకు ఘాటెక్కుతుందని ఊళ్లో చెప్పుకుంటారు. అందులో కొంత అబద్ధముంది. వెలిగండ్ల దాకా పోదు, సగం దారిలో ఆగుతుంది. ఆ ఉదయం మాత్రం ఆ గొంతు ఇల్లు దాటకుండా కోడలు కేథరిన్ చెవి పక్కనే పనిచేస్తోంది.

"పొదిలి నుంచి వియ్యపురాలు వచ్చే వేళైంది. నువ్వింకా ఆ అట్టముక్క చుట్టే తిరుగుతుండావు. గుడ్డ మీద కుడితే కప్పుకోనన్నా పనికొస్తుంది. కాగితం మీద కుట్టేదాన్ని నిన్నే చూసినా!"

కేథరిన్ నవ్వింది. కడుపు పండలేదని అత్త రోజూ గుర్తుచేసే ఆ ఇంట్లో ఆమెకున్న సుఖం అదొక్కటే. మడతపెట్టిన దుప్పటి మీద అట్ట పరిచి, గీసుకున్న బొమ్మ వెంబడి సూదితో బొక్కలు పొడిచి, వాటిలోంచి రంగు దారం లాగడం. సూది దిగినప్పుడల్లా టప్ మని చిన్న చప్పుడు. అది వింటూ కూర్చుంటే అత్త మాటలు పక్కవీధి మైకులాగా దూరమైపోతాయి.

ఈసారి కార్డు ఆడబిడ్డ కూతురికి. పురిటికి పుట్టింటికొచ్చిన స్టెల్లా ఇవాళ ఐదు నెలల బిడ్డతో అత్తగారింటికి పోతోంది. ఆ బిడ్డ ఇన్నాళ్లూ కేథరిన్ పక్కలోనే, ఆ టప్ టప్ వింటూనే నిద్రపోయింది. "క్రిస్మస్‌కొస్తా వదినా, పాపను నీ ఒళ్లోనే పెడతా" అని స్టెల్లా మాటిచ్చింది. ఆ సంబరంతో కేథరిన్ తెల్లటి అట్ట మీద మల్లెతీగ, ఉయ్యాల, పైన ఎర్ర దారంతో 'మా పాప' అని కుట్టింది. నిన్న మధ్యాహ్నం పని ముగించి, వంగకుండా బైబిలు కింద బోర్లా పెట్టి, నీళ్ల ట్యాంకరు హారన్ వినపడితే బిందెలతో పరుగెత్తింది.

ఇప్పుడు దాన్ని బోర్లా ఉన్నదున్నట్టే తీసి కవర్లోకి జార్చింది.

"ఇచ్చే ముందు ఒకసారి చూసుకోకూడదా?" అంది ఎలీషబమ్మ గడపలో ఆగి.

"కుట్టింది నేనే గదత్తా. కళ్లు మూసుకున్నా కనపడుతుంది."

ఎలీషబమ్మ ఏదో అనబోయి, మూతి తిప్పుకుని పోయింది.

స్టెల్లా అత్త రేచలమ్మ వచ్చింది. మనవడి కోసం సిద్ధం చేసుకున్న నవ్వును, మనవరాలు పుట్టిందనగానే బీరువాలో పెట్టి తాళం వేసిన మనిషి. ప్రార్థన అయినాక కేథరిన్ ఇచ్చిన కవరు విప్పి, అందరికీ వినపడేట్టు చదివింది.

"మా... పాపం."

పంచలో కాఫీ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏంది వదినా ఇది? ఆడపిల్ల పుడితే మీ ఇంట్లో పాపమా? దాన్ని కుట్టి మరీ చేతికిస్తారా?" అని ఎలీషబమ్మ మీదికి తిరిగింది.

"లేదు పిన్నీ, నేను పాప అనే..." కేథరిన్ కార్డు కోసం చెయ్యి చాపింది.

ఎలీషబమ్మ కార్డు వైపు చూడను కూడా లేదు. కూతురి కాపురమే కళ్ల ముందు కూలిపోతున్నట్టు కోడలి మీద పడింది. "కడుపుమంట! ఇన్నాళ్లూ బిడ్డను ముద్దాడుతుంటే నిజమే అనుకుంటి. గొడ్డుమోతుదాని చేతికి పసిదాన్నిచ్చినా, నా చెప్పుతో నన్ను నేనే కొట్టుకోవాల!"

కోడలి దారాల డబ్బా తెచ్చి, మండుతున్న నీళ్ల పొయ్యిలోకి విసిరేసింది. డబ్బాలోని సగం కుట్టిన కార్డులు ముడుచుకుని కాలాయి. భర్త ఆనంద్ బాబు నోరు తెరిచాడు గానీ అందులోంచి ఆవలింత తప్ప ఏమీ రాలేదు.

"నా బిడ్డను ఇంక ముట్టుకోవద్దు వదినా," అంది స్టెల్లా. "క్రిస్మస్‌కీ రాను."

పాప గుక్కపట్టి ఏడవసాగింది.

మామ ప్రకాశరావు అప్పుడు కదిలాడు. నల్లమలలో పెద్దపులి తనను చూసి చెట్టెక్కితే, దిగమని తానే బతిమాలినానని చెప్పుకునే మనిషి. పెళ్లాం ముందు మాత్రం చెట్టెక్కేది ఆయనే. ఆ రోజు దిగి వచ్చి కార్డు తీసుకుని చదివాడు.

"అరిచినావు గానీ, చూడనన్నా చూడవేమే. గొడవంతా ఈ గుండ్రంతో. ఇది లేకుంటే పాప. ఈ సున్న పెడితే పాపం."

ఎలీషబమ్మ చూసింది.

"సున్నేంది? పసుపు బంతిపువ్వు గదా అది!"

అన్నాక, తెరిచిన ఆ నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"పువ్వని నీకెట్ల తెలుసు వదినా?" అంది రేచలమ్మ.

ఎలీషబమ్మ కోడలి వైపు వేలు చూపింది. "ఇది ట్యాంకరు కాడికి పోయినప్పుడు... రోజూ ఆ టప్ టప్ వింటా వింటా, ఎట్లుంటదోనని, ఇది వదిలిపోయిన సూదితో ఒక్క పోటు పొడిచినా. బాగుండె. ఇంకొకటి, ఇంకొకటి అని గుండ్రంగా తిప్పినా. ఆ ఎర్ర గీతల పక్కన చోటు బోసిగా ఉండె. నాకు అక్షరాలు రావు గదయ్యా!"

"పొద్దున చూసుకోమన్నది అందుకా అత్తా?" అడిగింది కేథరిన్.

"బాగుందంటావేమోనని."

ఎలీషబమ్మ పొయ్యి కాడికి ఉరికి బూడిదలో చేతులు పెట్టింది. కమిలిన వేళ్లు తప్ప ఏమీ రాలేదు. "ఆ దారం పీకెయ్ మే," అని ఏడ్చింది.

"దారం వస్తుందత్తా. బొక్కలు పోవు. కాగితం గుడ్డలాగా పూడ్చుకోదు."

ఎలీషబమ్మ తల వంచుకుంది. కోడలు చెప్పింది కాగితం సంగతి ఒక్కటే కాదని ఆమెకు తెలిసింది.

కేథరిన్ కార్డును అత్త ముందు పెట్టి, తన పైట అంచుకు గుచ్చి ఉన్న సూది తీసింది. నిన్నటి పసుపు దారం మూరెడు ఇంకా దానికి వేలాడుతోంది. "పువ్వన్నారు గదా. రేకులు లేని పువ్వేంది? కుట్టండి."

ఆ గొంతులో తీపి లేదు. కాలిన వేళ్లకు సూది నిలవక, కళ్లనీళ్లకు అట్ట కనపడక, ఎలీషబమ్మ తంటాలు పడుతుంటే కోడలు సాయం పట్టలేదు. చూస్తూ కూర్చుంది.

టప్.

స్టెల్లా భుజం మీద పాప ఏడుపు ఆపి తల తిప్పింది.

టప్.

చప్పుడు వచ్చిన వైపుకు వంగి, పాప కేథరిన్ కోసం రెండు చేతులూ చాపింది. స్టెల్లా తల ఎత్తలేక, మెల్లగా వచ్చి బిడ్డను వదిన ఒళ్లో పెట్టింది.