అచ్చం అచ్చమ్మే!

"ఓలమ్మో... ఏటిది?!"

పదమూడో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న అచ్చమ్మ చేతిలోంచి క్లిప్పు జారి, ఏ అమాయకుడి నెత్తిన పడిందో ఏమో, కిందికి వెళ్ళిపోయింది! వాషింగ్ మెషీన్‌లోంచి ఆమె లాగిన బట్ట అలాంటిది మరి! మెడ నుంచి మడమల దాకా ఒకటే నల్లటి తొడుగు... ఒంటికి అతుక్కునేంత బిగుతు! దాని మీద తీయడం మరిచిపోయిన గుండ్లు, గోళీకాయలంతవి, మోకాలి దగ్గర ఒకటి, ఎడమ తుంటి దగ్గర ఒకటి! ఆ గుండ్లు చూసి అచ్చమ్మ గుండె గుండులా బరువెక్కిపోయింది!

పక్క బాల్కనీలోంచి నాగవల్లి మెడ సాచింది. పేరులో వల్లి ఉన్నందుకేనేమో, పరాయి పిట్టగోడ కనిపిస్తే చాలు తీగలా పాకేస్తుంది!

"ఎవుళ్ళదక్కా ఆ బట్ట?"

"మా కోడలిది... ఆపీసుదై ఉంతాది."

"ఆపీసుకి ఇట్టాటియ్యి ఏసుకుంతారేటి లా? ఏటాపీసక్కా అది?"

మలేషియాలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించి మరీ అడిగింది నాగవల్లి. అదే కదా అచ్చమ్మకీ తెలియనిది! కోడలు మోహనప్రియ వీడియో గేములు తయారుచేసే చోట ప్రొడ్యూసరు. "బొమ్మలేసేవాళ్ళు, కోడ్ రాసేవాళ్ళు, పాట కట్టేవాళ్ళు... అందరినీ కూడగట్టి ఆటని బయటికి తెచ్చే పెద్దమనిషన్నమాట" అని కొడుకు కిశోర్‌కుమార్ విడమరిచి చెప్పాడు. ఊళ్ళో కోడళ్ళందరూ కూర వండుతుంటే, ఈ కోడలు కోడ్ వండిస్తోంది కాబోలు అనుకుని అచ్చమ్మ సరిపెట్టుకుంది. కొడుక్కి పోర్ట్ క్లాంగ్ కంటెయినర్ యార్డులో షిఫ్టు. కోడలికి ఆఫీసు. మనవరాలు తర్షిణిని బడికి దింపాలన్నా, తేవాలన్నా, ఇంత అన్నం పెట్టాలన్నా అచ్చమ్మే దిక్కు. అందుకే సుంగై సిపుట్ ఊళ్ళో తన ఇంటికి తాళం పెట్టి కౌలాలంపూర్ వచ్చింది. ఆమె నడవకపోతే ఆ ఇల్లు నడవదు... కోడలి ఉద్యోగం అసలే నడవదు!

సాయంత్రం కోడలు గడపలో అడుగు పెట్టిందో లేదో, నల్ల తొడుగు ఆమె ముఖం ముందు వేలాడింది.

"ఏటే ఇది?"

"అత్తమ్మా! అది... ఆఫీసు సూటు. ఒకటే ఉంది లా... ఉతకడం ఈసారి నా టర్న్."

మాట తడబడింది. ముఖం ఎర్రబడింది. గబుక్కున లాక్కుని బీరువాలో దాచేసింది! అనుమానానికి అంతకంటే ఆనవాలు ఏం కావాలి చెప్పండి?

ఆ రోజు నుంచి అచ్చమ్మ కళ్ళు సీసీ కెమెరాలైపోయాయి! చూడగా చూడగా మరో ఘోరం బయటపడింది... కోడలూ తనను చూస్తోంది! తను సోఫాలోంచి లేస్తుంటే కోడలి చూపు తన మోకాళ్ళ మీద. తను ఇల్లు ఊడుస్తుంటే కోడలి చేతిలో ఫోను పైకి లేస్తుంది. ఆమధ్య "ఎడమ కాలు ఎప్పటినుంచి నొప్పి అత్తమ్మా?" అని ఆరా తీసింది కూడా! "ఏటే, ముసిలోళ్ళ హోములో తోసీడానికి లెక్కలేస్తన్నావేటి?" అని అచ్చమ్మ గయ్యిమనేసరికి పాపం నోరు మూసుకుంది. నోరు మూసుకుంది గానీ కళ్ళు మూసుకోలేదు!

ఆదివారం మధ్యాహ్నం... కోడలి గది తలుపు ఓరగా ఉంది. లోపల అద్దం ముందు మోహనప్రియ, ఒంటి మీద ఆ నల్ల తొడుగు! ఎడమ భుజం వాల్చింది... ఎడమ కాలు సున్నా చుట్టినట్టు తిప్పి వేసింది... నడుం మీద చెయ్యి పెట్టి "అమ్మోరు తల్లే" అని నిట్టూర్చింది... కూర్చోబోతూ, అనుమతి అడుగుతున్నట్టు మోకాలి మీద ఒక్క చరుపు చరిచింది! అచ్చం అచ్చమ్మే! అచ్చు గుద్ది నిలబెట్టినట్టు! బల్ల మీద నిలబెట్టిన ఫోను అదంతా మింగుతోంది!

అచ్చమ్మ కాళ్ళ కింద పదమూడు అంతస్తులూ కూలిపోయాయి. అనుమానం కాస్తా అవమానమైపోయింది! కుంటి అత్తను చూసి కులుకా? ఈ కుంటి నడకను ఆఫీసులో పదిమందికీ ఆడి చూపించి నవ్విస్తోందా? నాలుగేళ్ళ పసిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఈ కోడలు తిరిగొచ్చేదాకా వేయికళ్ళతో కూర్చున్నందుకా ఈ బహుమానం? కన్నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయి, అలమరలోంచి తన చీరలు లాగింది. కోడలికి సూటు... అత్తకి సూట్‌కేసు!

మర్నాడు పొద్దున్నే ప్రయాణం. "అమ్మా, నువ్వు పోతే ప్రియ పని మానుకోవాల్సిందే లా... పాపనెవుళ్ళు సూస్తారు?" అని కిశోర్ బతిమాలాడు.

"మాననీరా! నా కుంటికాలు మీద కట్టుకున్న ఉజ్జోగం ఉంటే ఏటి, ఊడితే ఏటి?"

మోహనప్రియ తెల్లబోయింది. "ఇవాళ ఒక్కరోజు అత్తమ్మా... రేపట్నుంచి మానేస్తాను" అని మాత్రం అని, కళ్ళొత్తుకుంటూ సంచీ పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సంచీ అంచులోంచి నల్ల తొడుగు తొంగి చూస్తూనే ఉంది!

తర్షిణిని బడిలో దింపి, కిశోర్ కారు రైలు స్టేషన్ వైపు తిప్పాడు.

"ముందు దాని ఆపీసుకి పోనీరా. నన్ను సూసి ఎవుళ్ళు నవ్వినారో, ఆళ్ళ మొకాలు ఓపాలి సూసి పోతాను!"

అక్కడ ఒక పెద్ద గది, చుట్టూ కెమెరాలు. నడిమధ్య పరుపులాంటి చాప మీద నల్ల తొడుగులో మోహనప్రియ, ఒళ్ళంతా గుండ్లు. ఎదుట గోడంత తెర. ఆ తెరలో మోహనప్రియ లేదు... మంచులో రబ్బరు చెట్ల వరసలు, వాటి మధ్య ఒక ముసలమ్మ! ఆ గుండ్ల కదలికను కెమెరాలు పట్టి తెరకెక్కిస్తున్నాయి కాబోలు, ప్రియ కాలెత్తితే ముసలమ్మ కాలెత్తుతోంది. కుర్చీల్లో నలుగురైదుగురు కూర్చున్నారు గానీ, ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు!

"ప్రియా, నడక ఇంకా నటనలాగే ఉంది" అంటున్నాడు తమిళంలో తిబన్, ఆ ఆఫీసు యజమాని. రబ్బరు ఎస్టేటులో తమిళ కూలీల మధ్య పుట్టిన అచ్చమ్మకి తమిళం రాకపోవడమేమిటి? ప్రతి ముక్కా అర్థమవుతోంది. "ఇవాళే ఆఖరు. కుదరకపోతే ముసలమ్మని తీసేసి, పరిగెత్తే అమ్మాయిని పెడదాం. ఇంత మెల్లగా నడిచే మనిషితో ఎవరు ఆడతారు?"

"ఆవిడ లేకపోతే ఇది నా ఆట కాదు. ఆవిడతో పాటు నన్నూ తీసెయ్యండి" అంది ప్రియ.

"నన్నెక్కిరించడానికి ఇంతమందేటే?!"

గుమ్మంలోంచి ఆ కేక వినగానే ప్రియ ఉలిక్కిపడి తిరిగింది. తెర మీది ముసలమ్మా ఉలిక్కిపడి తిరిగింది! అచ్చమ్మకి ఎదురుగా అచ్చమ్మ!

ప్రియ పరుగున వచ్చి కాళ్ళ మీద పడింది. తెరలో ముసలమ్మ కూడా మోకరిల్లింది.

"ఎక్కిరింపు కాదత్తమ్మా! తప్పిపోయిన మనవరాలి కోసం తోటంతా వెతికే అవ్వ కథ ఇది. మిమ్మల్ని చూసే అనుకున్నాను... కానీ మీ నడక నాకు రావట్లేదు!"

"కుంటి నడక నేర్సుకుంతావేటే?"

"కుంటి కాదు! తర్షిణి పుట్టినప్పుడు నా కాళ్ళకి నూనె రాస్తూ మీరే చెప్పారు కదా... కుడి చేత్తో రబ్బరు పాల బకెట్టు, ఎడమ చంకలో పిల్లాడు, చెట్టు చెట్టుకీ తిరిగేదాన్నని... బకెట్టు దించేశారు. పిల్లాడూ దిగిపోయాడు. మీ నడుం మాత్రం వాణ్ణి ఇంకా దించలేదత్తమ్మా! ఇప్పటికీ చంకలో ఎవరో ఉన్నట్టే నడుస్తారు మీరు... ఆ బరువు నాకు రావట్లేదు!"

వెనకాల కిశోర్. చేతిలో సూట్‌కేసు.

"ఏ పిల్లాడమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఏ పిల్లోడేటిరా, సన్నాసీ! నువ్వే! కిందికి దించితే ఊరెగిరిపోయేలాగ ఏడిసీవోడివి!"

సూట్‌కేసు నేల మీద దబ్బున పడింది. ఇన్నేళ్ళుగా అమ్మ కాలునొప్పికి మందు తెచ్చిచ్చాడే గానీ, ఆ నొప్పి పేరు తన పేరేనని అతనికి తెలియదు! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు... అచ్చమ్మేమో తనను కళ్ళలో పెట్టుకున్న కోడల్ని ఇంట్లోనే పెట్టుకుని, లోకాన్నంతా అనుమానించింది!

"నన్నడగొచ్చు కదే, పిచ్చిదానా!"

"కాలునొప్పని అడిగితేనే హోము అన్నారు... ఈ బట్ట వేసుకోమని ఎలా అడగను?"

అచ్చమ్మ ఆ నల్ల తొడుగు వైపు చూసింది. తెల్లవారకముందే దోమలకి భయపడి, మొగుడి లాగూ, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని రబ్బరు తోటకి బయలుదేరిన కొత్త కోడలు... ఒకప్పటి తనే... గుర్తొచ్చింది. "మొగోడి లాగూ ఏసుకొని సీకటిలో ఎక్కడికే?" అని గుమ్మంలో నిలబడ్డ అత్తగారూ గుర్తొచ్చింది. అదే గొంతు... నిన్నటి దాకా తన నోట్లో పలికిన గొంతు!

"ఇప్పు" అంది.

"అత్తమ్మా?"

"ఆ తొడుగు ఇప్పి ఇలాగియ్యి. నా నడక నాను నడుస్తాను. నువ్వు నీ పెద్దరికం సూసుకో!"

జిప్పు సగం దారిలో సత్యాగ్రహం చేసింది; పక్కగదిలో ఆఫీసు ఆడపిల్లలిద్దరు బుజ్జగించి పైకి లాగారు! అచ్చమ్మ చాప మీద నిలబడి, "అమ్మోరు తల్లే" అనుకుని అడుగు వేసింది. తెరలో రబ్బరు చెట్ల మధ్య ముసలమ్మ కదిలింది... నటన లేదు. నాలుగడుగులు నడిచాక, చంకలో పిల్లాడు జారితే ఎగదోసుకున్నట్టు, ఎడమ నడుం అలవాటుగా ఒకసారి పైకి ఎగదోసింది. తెరలో ముసలమ్మా ఎగదోసింది. తిబన్ లేచి నిలబడ్డాడు. కిశోర్ గోడకి తిరిగి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు!

"ఈవిడే ఉంటారు" అన్నాడు తిబన్. "ప్రియా, ఇది నీ ఆటే."

మోహనప్రియ అత్తగారి నుదుటి మీది చెమటను కొంగుతో తుడుద్దామనుకుని, కొంగు లేదని గుర్తొచ్చి, అరచేత్తోనే తుడిచింది.

ఆ వారాంతం బాల్కనీలో నల్ల తొడుగు మళ్ళీ ఆరింది. పక్క బాల్కనీ తీగ మళ్ళీ పాకింది!

"అక్కా! మళ్ళీ ఏలాడతంది... ఎవుళ్ళదో అడిగినావేటి?"

"అడగడమేటి? నాదే లా!" అంది అచ్చమ్మ. నాగవల్లి మెడ పిట్టగోడ మీద మరో జానెడు సాగింది. అచ్చమ్మ మాత్రం ఖాళీ అయిన బట్టల బుట్టను ఎడమ చంకనెత్తుకుని, ఒకసారి పైకి ఎగదోసుకుని, మెల్లగా లోపలికి నడిచింది.