పెన్మడుగు చేల మంట

సింగవర దుర్గమును ఏడాదిగా ముట్టడించియున్న గుడారములు ఆ ఉదయమున ఒక్కటొక్కటిగా మడతపడుచుండగా, బురుజులపై నుండి ఆకలితో శోషిల్లిన సైనికులు నమ్మలేని కన్నులతో చూచుచుండిరి. కోట తలుపులు తెరచుకొనెను. ధాన్యపు బండ్లు లోనికి వచ్చెను. సింహాసనమునకై పోరాడిన అన్నదమ్ములు, కోటలోని కేతభూపతియు ముట్టడించిన చోడభూపతియు, సంధి చేసికొనిరి. ఆ సంధికి తమ్ముడైన చోడభూపతి కోరినది ఒక్కటే: దుగ్గన నాయకుని తల.

దుగ్గన అన్న పక్షమున అడవులలో నుండి పోరాడినవాడు. ఎన్నడును ఎదురుపడి యుద్ధము చేయక, కనుమలలో పొంచి, శత్రువుల బండ్లను దోచి, వారి గుఱ్ఱములకు గడ్డిపోచ దొరకకుండ చేసినవాడు. ముట్టడికి మునుపు పెన్మడుగు సీమలో కోతకు వచ్చిన చేలకు నిప్పంటించినవాడును అతడే. ఆ మంటతో చోడభూపతి సేన వెనుదిరిగెను గాని, ఆ సీమ ప్రజలు ఆకలికి మాడిపోయిరి. నాటినుండి జనులు అతని పేరు చెప్పి శపించుచుండిరి.

నిప్పు పెట్టుమని ఆజ్ఞాపించినవాడు కేతభూపతి. ఆ ఆజ్ఞను అడవికి కొనిపోయి దుగ్గన చెవిని వేసినవాడు సేనాని రేచన. సంధి మర్మము తెలియక, ఇప్పుడు అభయమిచ్చి అతనిని కోటకు తోడితెచ్చినవాడును రేచనయే.

"ప్రభూ, నా మాట నమ్మి ఆయుధము లేక వచ్చినాడు. వానిని విడిచిపెట్టుడు" అని సేనాని వేడుకొనెను.

కేతభూపతి తల యెత్తలేదు. "మా చేతులలో లేదు సేనానీ. నిన్నటిదాక కోటలో పసిబిడ్డలకు గంజి లేదు. సంధి చెడినచో అందఱమును పోవుదుము."

కేతభూపతి మంత్రి మల్లపామాత్యుడు చెఱసాలకు పోయి దుగ్గనతో మెల్లగా పలికెను: "నాయకా, పెన్మడుగు పాపము నీదేయని జనుల యెదుట ఒప్పుకొనుము. అడవిలోని నీవారు క్షేమముగా ఇండ్లకు పోవుదురు. రాజుగారి పేరు నీ నోట వచ్చినచో వారిలో ఒక్కడును మిగులడు."

దుగ్గన, "ఒప్పుకొందునయ్యా. వారిలో గాయపడినవారున్నారు. నడిపింపక బండ్లపై పంపుడు" అనెను.

మఱునాడు కోటముందఱి మైదానము జనముతో నిండెను. మేడపై అన్నదమ్ములిద్దఱును కూర్చుండిరి. సంకెలలతో నడచివచ్చుచున్న దుగ్గనకు పెన్మడుగు ముసలిది యొకతె అడ్డము వచ్చెను.

"నా కొడుకూ కోడలూ కూడు లేక పోయినారు. చేతికొచ్చిన పంటయ్యా అది. నీకు కాల్చమని చెప్పినవాడు ఎవడు?"

దుగ్గన మేడవైపు చూడలేదు. "ఎవరూ చెప్పలేదమ్మా. నాకే తోచింది."

రేచన ఒక అడుగు ముందుకు వేసెను. నిజము అతని నాలుక చివరకు వచ్చెను. దుగ్గన అతనివైపు చూచి తల అడ్డముగా ఊపెను. అడవిలోని ప్రాణములన్నియు ఆ క్షణమున సేనాని పెదవులపై ఆధారపడియుండెను. అతడు నోరు మూసికొనెను. మేడపై కేతభూపతి కదలలేదు.

ముసలిది దుగ్గన ముఖముపై ఉమ్మివేసెను. తుడుచుకొనుటకు అతనికి చేతులు లేవు. అవి వెనుకకు విఱిచి కట్టబడియుండెను. రేచన తన ఉత్తరీయపు కొంగు పిడికిట బిగించి, జనులందఱు చూచుచుండగా, నిలుచున్నచోటనే నిలిచిపోయెను.