బల్ల మీద వణికిన నక్షత్రం

"వారంలో డెమో. ఈలోపు ఆ టెలిస్కోప్ అద్దం పగిలిందంటే మన కష్టమంతా గాలికి పోయినట్టే," అన్నాడు చీఫ్. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు.

ఏజెంట్ పిచ్చుక తలూపింది. డెమో చెడగొట్టాలని చూస్తున్న విదేశీ ముఠా మనిషి ల్యాబ్‌లోనే ఉన్నాడనీ, అద్దాల ఇంజనీరే అయి ఉంటాడనీ నెమలి కబురు పంపింది. నెమలి అంటే ముఠాలో చేరి మనకి రహస్యాలు మోసే అందగత్తె. ల్యాబ్‌లో విజిటింగ్ సైంటిస్టుగా తిరుగుతోంది.

పిచ్చుక విగ్గు పెట్టుకుని టెక్నీషియన్ వేషంలో చేరింది. ఇలాంటి పనులకి వెళ్లే పిల్లని కన్న తల్లికి కంటి మీద కునుకెలా పడుతుందో దేవుడికే తెలియాలి.

ల్యాబ్‌లో పెద్ద స్టీలు బల్ల. ఒక చివర లేజర్‌తో చేసిన ఉత్తుత్తి నక్షత్రం. దాని వెలుగు తిరిగే గరుకు గాజుబిళ్ల గుండా వచ్చేసరికి, ఆకాశంలో గాలికి చెదిరినట్టే చెదురుతుంది. సెన్సర్ ఆ వెలుగుని చుక్కలుగా విడదీసి, ఎంత చెదిరిందో కొలిచి చెబితే, పల్చటి అద్దం అందుకు తగ్గట్టు వంగి సరిచేస్తుంది. తెర మీద చుక్కలు బారులు తీరి కదలకుండా నిలబడితే అంతా బాగున్నట్టు.

ఇంజనీర్ మీద కన్నేసి ఉంచడానికి పిచ్చుక అగ్గిపెట్టెంత కెమెరాని వెలుగు దారి కింద, ఒక స్టాండ్ చాటున అంటించింది. మర్నాటి నుంచి చుక్కలు వణకడం మొదలైంది. ఇంజనీర్ ఎంత సవరించినా ఆగలేదు. కావాలనే చెడగొడుతున్నాడని ఆమె రిపోర్ట్ పంపింది. సెక్యూరిటీవాళ్లు వీధంతా చూస్తుండగా అతన్ని ఇంటి దగ్గరే జీపెక్కించారు.

డెమో రోజు వచ్చింది. ఇంజనీర్ లాకప్‌లో ఉన్నాడు. చుక్కలు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

పిచ్చుక బల్ల దగ్గరికి వెళ్లింది. బల్ల మీదికి వంగితే ఆమె ఊపిరికి చుక్కలు ఇంకా చెదిరాయి. ఊపిరి వేడికే ఇలాగైతే? స్టాండ్ చాటున చెయ్యి పెట్టి చూసింది. కెమెరా కాలుతోంది. దాని మీంచి లేచే వేడి గాలే ఇన్నాళ్లూ వెలుగుని చెదరగొట్టింది.

సిగ్గుతో చచ్చినంత పనైంది. కెమెరా పీకేసింది. చుక్కలు నిలబడ్డాయి, ఒక్క మూల తప్ప. అంటే అక్కడ ఇంకో వేడి ఉంది. అద్దం అంచున, వైర్ల మధ్య గోరంత పెట్టె. అది తను పెట్టింది కాదు. స్విచ్ వేయగానే హై వోల్టేజ్ పంపి అద్దాన్ని ముక్కలు చేసే పెట్టె. ఇంజనీర్ వైపు చూపించిన నెమలి వేలే, బల్ల అవతల ఆ స్విచ్ మీద ఉంది.

"ఆలస్యం చేశావు పిచ్చుకా," అంది నెమలి చిన్నగా నవ్వి.

పిచ్చుక వైరు తెంపింది. స్విచ్ టక్కుమంది. అద్దం చెక్కుచెదరలేదు. గార్డులు నెమలి చేతులు విరిచిపట్టుకున్నారు.

మెడల్‌కి సిఫార్సు చేస్తానన్నాడు బాబాయ్. ఆ మాట ఆమె చెవికెక్కలేదు. సాయంత్రం ఇంజనీర్‌ని విడిపించి ఇంటికి తీసుకెళ్లింది. తలుపు తీసిన తల్లి, తిన్నావా అని కొడుకుని అడిగి లోపలికి పంపింది. పిచ్చుక తలొంచుకుని తప్పంతా తనదేనని చెప్పింది.

"మావాడు దొంగ కాదని నాకు చెప్పడమెందుకమ్మా? నాకు తెలీదా? చూసింది వీధి. వాళ్లకి చెప్పు."

ఎవరి కంటా పడకుండా బతకడంలో డిపార్ట్‌మెంట్‌కే మేటి అయిన ఏజెంట్, విగ్గు తీసి చేత్తో పట్టుకుని, పక్కింటి తలుపు తట్టి, తన అసలు పేరుతో మొదలుపెట్టింది.