లక్ష్ముడి గొయ్యి

చీపురుపల్లి దాటి లోపలికి పోతే, జీడితోటలు అయిపోయే చోట ఒక తెల్లమట్టి గని ఉంది. లక్ష్ముడి గొయ్యి అంటారు. పొద్దుగూకాక ఆ దారిన పోయేవాళ్ళు ఎంత అవసరమొచ్చినా బండి ఆపరు. ఆపితే కాళ్ళ కింద నుంచి ఎవరో కొడుతున్న చప్పుడు... అని విన్నవాళ్ళు చెప్పుకుంటారు.

పొందూరు నుంచి వచ్చిన ధనరాజు ఇవన్నీ విని పడీ పడీ నవ్వాడు. అతను ఆ గనిలో కొత్తగా చేరిన పొక్లెయిన్ ఆపరేటరు.

"దెయ్యానికి మట్టి కొట్టుకోడం తప్ప ఇంకో పనేటీ నేదా మామ్మా?" అన్నాడు, గేటు దగ్గర టీ అమ్మే కూర్మమ్మతో.

కూర్మమ్మ నవ్వలేదు. లక్ష్ముడు ఆమె మొగుడే. ఆ మట్టి కిందే పోయాడు, శవం కూడా దొరకలేదు.

ఇరవై ఏళ్ళ కిందట అక్కడ గొయ్యి లేదు, ఎర్రమట్టి దిబ్బ ఉండేది. దాని కింద పింగాణీ సామాన్లకి పోయే మెత్తటి తెల్లమట్టి. మనిషి దూరేంత సొరంగం చేసి, ఆ తెల్ల పొర వెంబడే పాక్కుంటూ పోయి తవ్వేవారు. పైన జీడిచెట్ల పాటికి జీడిచెట్లు కాసేవి. లోపలున్నవాడి ప్రాణానికి మాత్రం నాలుగు సరుగుడు గుంజలే దిక్కు.

లోపల మొగుడు, సొరంగం నోటి దగ్గర పెళ్ళాం. కేకేస్తే వినపడదు. అందుకని గునపంతో గోడ మీద కొట్టేవాళ్ళు.

"మూడు కొడితే బాగున్నానని," అంది కూర్మమ్మ. "బయటున్న మనిషి తిరిగి మూడు కొట్టాల, నేనిక్కడే ఉన్నానని. రెండు కొడితే బయటికొస్తన్నానని. ఒక్కటే కొడితే... కూలిపోతన్నాది, పారిపో అని."

"ఇప్పుడా గొడవే నేదు కదా! పైనుంచి ఒలుసుకుంటా దిగుతన్నాం. నెత్తిన ఆకాశమే."

నిజమే. అలా ఒలిచిన ఎర్రమట్టి కుప్పల కింద రెండు జీడితోటలు పోయాయి గానీ, మనిషన్నవాడు ఒక్కడూ పోలేదని కంపెనీవాళ్ళు గొప్ప చెప్పుకుంటారు.

"లోపల తవ్వినోడికి నెత్తి మీద భయం. నీకు కాళ్ళ కింద భయం నాయనా," అంది కూర్మమ్మ. "ఆ సొరంగాలు ఎటెటు పోయినాయో ఎవులికీ తెలీదు."

ఆ రాత్రి ఎనిమిదింటికి సూపర్‌వైజర్ రాబర్ట్ ఫోన్ చేశాడు. లారీలు వస్తున్నాయి, అడుగు పొర అందుకోమన్నాడు. ధనరాజు మిషన్ని గొయ్యి అడుక్కి దించాడు. తీరా చూస్తే లారీల జాడ లేదు. లైట్లు ఉంచి ఇంజను ఆపాడు.

నిశ్శబ్దం.

టక్... టక్... టక్...

ఇంజను చల్లారుతోందనుకున్నాడు. మళ్ళీ వినిపించింది. మూడే. కింద నుంచి...

గబుక్కున ఇంజను తాళం మీద చెయ్యి వేశాడు. తన పిరికితనానికి తనకే సిగ్గేసి, స్పానర్ తీసి, కాబిన్ మెట్టు మీద వేళాకోళానికి మూడు కొట్టాడు.

కీచురాళ్ళు కూడా ఆగిపోయాయి. కింద ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు అనిపించింది. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు —

దడ్!

ఒక్కటే. సీటు అదిరి వెన్నుకి తగిలింది.

ఎలా దూకాడో తెలీదు. ఒక కాలికే చెప్పుతో వాలు దారెంట పైకి పరుగెత్తాడు. వెనక నేల నోరు తెరిచింది. మిషను మిషనంతా లోపలికి దిగిపోయింది. దాని లైట్లు కాసేపు భూమిలోంచి వెలిగి, ఆరిపోయాయి.

తెల్లారి చూస్తే కింద పాత సొరంగం. అందులో ఒక మనిషి ఎముకలు. పోలీసులు సంచీలో కట్టి జీపులో పెట్టారు.

"కూలే ముందు మట్టి పగుల్తుందయ్యా, అదే ఆ చప్పుడు," అన్నాడు రాబర్ట్. ధనరాజుకి ఆ మాట నమ్మాలనే ఉంది.

కూర్మమ్మ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "తిరిగి కొట్టినావా నాయనా?"

"మూడు కొట్టినాను మామ్మా."

"తరవాత?"

"ఒక్కటి."

ఆమె ముఖం ముడుచుకుపోయింది. "ఆ రోజూ మూడు కొట్టినాడు. నేను తిరిగి కొట్టేలోపే ఒక్కటి కొట్టినాడు. పరిగెట్టేసినాను. ఇంకా బతికున్నాడేమోనని మల్లీ ఎనక్కెల్లి ఒక్కసారైనా కొట్టనేదు. నాకేటీ వినపడనేదని ఊరందరికీ సెప్పినాను. ఇరవై ఏళ్ళుగా నా జవాబు కోసమే కొడతన్నాడు..."

ఆమె గొయ్యిలోకి దిగుతుంటే ఎవరూ ఆపలేదు. రాయి ఒకటి తీసుకుని తెల్ల గోడ మీద మూడు కొట్టింది.

టక్...

టక్.

గోడ లోపలి నుంచి. రెండు.

ధనరాజు జీపు వైపు చూశాడు. సంచీ అక్కడే ఉంది.

కూర్మమ్మ కొంగు సర్దుకుని, సొరంగం నోటి పక్కన అప్పట్లాగే చతికిలబడింది.

"వస్తన్నాడు," అంది మెల్లగా. "ఎవులూ ఎల్లిపోకండి."